గడ్డకు మేత

నూనె అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. తొంభైల చివర్లో కొన్నేళ్ళు సామర్లకోట దారిలో ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేశాను. కెమిస్టంటే అదేదో పెద్ద ఉద్యోగం అనుకునేరు. బియ్యం మిల్లుల నుంచి లారీల మీద తవుడు వస్తుంది. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు తవుడు లాగాలి. దాంట్లోంచి నూనె తీసి, ఆ నూనెలో ఆసిడ్ ఎంతుందో చూసి చెప్పాలి. పైన గాజు గొట్టంలోంచి మందు బొట్టు బొట్టుగా వదులుతూ, కింద నూనె పోసిన గాజు కుప్పె ఊపుతూ నిలబడాలి. కుప్పెలో గులాబీ రంగు తిరిగి, ఊపినా పోకుండా నిలిచిందంటే అక్కడికి ఆపాలి. ఎంత మందు పట్టిందో దాన్నిబట్టి ఆసిడ్ లెక్క. ఆసిడ్ ఎక్కువుంటే ధర తెగుతుంది, లారీవాడు నా మీద పడతాడు. పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఇదే రామాయణం.

తవుడుకి ఒక గుణముంది. బియ్యం నుంచి విడిపోయిన గంట నుంచే దాని లోపలున్న నూనె విరిగి ఆసిడ్ అవడం మొదలెడుతుంది. పొద్దున ఆడించిన తవుడు ఆ పూటే మా దగ్గరకొస్తే సరే. రెండు మూడు రోజులు మిల్లులో ఓ మూల పడి ఉండి వచ్చిందంటే ముక్కు మూసుకోవాలి. చాలామంది పాత తవుడే తెచ్చి కొత్తదని ఒట్టేసేవాళ్ళు. బరువు తూగాలని బస్తాల మీద నీళ్ళు చల్లేవాళ్ళు కొందరు, అడుగున ఊక నింపేవాళ్ళు కొందరు. కాటా మీద కనపడే బరువుని వెంటనే నమ్మకూడదన్న ఒక్క ముక్క మాత్రం ఆ ఉద్యోగం నాకు బాగా నేర్పింది.

మా అక్కది పిఠాపురం దగ్గర పల్లె. నాకన్నా బాగా పెద్దది. అమ్మ చేలో పనికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది తనే. బావగారిది వరి వ్యవసాయం. మాట తక్కువ మనిషి. ఆ ఏడాది అక్కకి రొమ్ములో గడ్డ కనపడింది. కాకినాడలో ఆపరేషన్ చేసి తీసేశారు. తీసేశాక, ఎక్కడన్నా నలుసంత మిగిలి ఉంటే అది కూడా చావాలని ఇంజెక్షన్లు మొదలెట్టారు. మూడు వారాలకోసారి వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా ముందు బరువు చూస్తారు, ఆ బరువుని బట్టి మందు కలుపుతారు. మనిషి మరీ చిక్కిపోతే మందు తట్టుకోలేదు కాబట్టి ఆపేస్తామని మొదటిరోజే చెప్పారు. మా అందరి భయం ఆ ఒక్కదాని చుట్టూనే తిరిగేది. ఇంజెక్షన్లు ఆగకుండా పూర్తవ్వాలి, అంతే.

గోరుచుట్టు మీద రోకటి పోటులా వచ్చింది పేపరు. బావగారి తమ్ముడు కాలేజీలో లెక్చరరు. మంచివాడే. చదివింది కడుపులో దాచుకోలేడు, అదొక్కటే బాధ. ఒక ఆదివారం పేపరు పట్టుకొచ్చి, అరుగు మీద కూర్చుని ఆరోగ్యం పేజీ పైకి చదివాడు. ఎక్కడో ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలు పెంచారట. వాటికి కొన్ని రకాల నూనెల్లో ఉండే ఫ్యాటీ ఆసిడ్లు పోస్తే జోరుగా పెరిగాయట. చేపల కొవ్వులో ఉండే రకం పోస్తే నెమ్మదించాయట. ఏ నూనె, ఎంత, ఎవరి కణాలు అన్నది అతను చదివాడో లేదో నాకు తెలీదు. వంటింట్లో ఉన్న అక్క చెవిన మాత్రం ఒక్క మాటే పడింది. నూనె గడ్డకు మేత. ఆ పూట నుంచి నూనె చుక్క ముట్టలేదు.

ఇక నాకు మొదలైంది. ఫ్యాక్టరీలో ఆసిడ్ చూసేది నేనే కదా, ఏ నూనెలో ఆసిడ్ లేదో నేను చూసి చెబితే అదే వాడదాం అని ఇంట్లో తీర్మానించారు. దగ్గుమందు సీసాల్లో, మూతకి గుడ్డ చుట్టి, బస్సు మీద నూనెలు పంపేవారు. గానుగ దగ్గర తెచ్చిన పప్పునూనె, వేరుశెనగ నూనె, కొబ్బరి నూనె, రేషను పామాయిలు, ప్యాకెట్లో సన్‌ఫ్లవర్. చుట్టాల్లో ఎవరికి ఏ నూనె మీద నమ్మకముంటే ఆ నూనె వచ్చేది. నేను ఎన్నిసార్లు చెప్పాను, నేను చూసేది నూనె ఎంత పాతబడిందన్నదే గానీ మనిషికి ఏం చేస్తుందన్నది కాదని. వింటేనా! చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఫ్యాక్టరీలో లారీవాళ్ళు, ఇంటికెళ్తే వీళ్ళు.

ఒకరోజు విసుగొచ్చి అక్కతో గట్టిగానే అన్నాను. నూనె అంటేనే ఫ్యాటీ ఆసిడ్లు, అందులో అవి తప్ప ఇంకేమీ ఉండవు, నెయ్యైనా అంతే, పెరుగు మీద మీగడైనా అంతే, అవి లేని నూనెని నేనెక్కణ్ణుంచి తేను అన్నాను. నేను చెప్పింది నిజమే. మర్నాటి నుంచి అక్క నెయ్యీ మీగడా కూడా మానేసింది. ఇక నిజాలు చెప్పడం మీద కూడా విరక్తి పుట్టింది నాకు.

మా అక్క చేతి ఆవకాయకి వాళ్ళ ఊళ్ళో పేరుండేది. జాడీ మూత తీస్తే పైన వేలెడు నూనె తేలుతూ ఉండాలి, లేకపోతే అది ఆవకాయే కాదనేది. అటువంటి మనిషి ఆవకాయ ముక్కని గిన్నెలో నీళ్ళు పోసి కడుక్కుని తినడం నేను కళ్ళారా చూశాను. కడిగిన నీళ్ళ మీద ఎర్రగా నూనె చుక్కలు తేలుతుంటే, గిన్నె తీసుకెళ్ళి దూరంగా అరటిచెట్టు మొదట్లో పారబోసి వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు ఆవిడ పత్యం చూసి తెగ మెచ్చుకునేవారు. నోరు కట్టుకోవడమంటే అలా ఉండాలనేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని మంట బాగుందన్నట్టుంది అనేవాణ్ణి. ఎవరూ నవ్వేవారు కాదు.

బావగారు పేపరులో చేపల ముక్క పట్టుకున్నారు. అటక మీద ఎన్నాళ్ళుగానో పడి ఉన్న విసురువల దింపి, పొలం నుంచి వస్తూ రోజూ కాలవలో వేసేవారు. జెల్లలు, పరిగెలు, అదృష్టం బాగుంటే ఓ కొరమేను. ఆ చేపల్లో పేపరువాళ్ళు చెప్పిన కొవ్వు ఉందో లేదో దేవుడికెరుక. ఆయనకి చేతనైంది అది, చేశారు. అక్క నూనె లేకుండా పులుసు కాచి ఆయనకి పెట్టేది. తను మాత్రం చారు పోసుకుని లేచిపోయేది. ఎందుకు తినవని అడిగితే చేపలోనూ కొవ్వేగా అని గొణిగేది. ఆవిడ కోసం పట్టిన చేపలు తిని బావగారు ఒళ్ళు చేశారు.

అక్క చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటే దారం చుట్టుకుంది. మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఈసారి ఇంజెక్షన్ ఇవ్వరని నేను అనుకుంటూనే ఉన్నాను. బావగారు తీసుకెళ్ళారు. సాయంత్రం ఫ్యాక్టరీకి ఫోను చేసి, బరువు ఏమీ తగ్గలేదని, ఇంజెక్షన్ అయిపోయిందని చెప్పారు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. పోన్లే, ఏ దేవుడో చల్లగా చూశాడనుకున్నాను. ఒంట్లో కండ లేకుండా బరువెలా నిలిచిందని నాకు అనుమానం రాకపోలేదు. రోజంతా అనుమానపడటమే నా పని, ఇంటి విషయంలో కూడా ఎందుకులే అని ఊరుకున్నాను.

తర్వాతిసారి ఊడ్పుల రోజులు. బావగారు కదల్లేని పని. నేను సెలవు పెట్టి ముందురోజే వెళ్ళాను. సాయంత్రం ఆయన కాలవ నుంచి ఉత్త చేతులతో వచ్చి, వల అరుగు మీద పడేశారు. ఏమైందంటే, వల మునగట్లేదయ్యా, గాలికి గొడుగులా తేలిపోతోంది, అన్నారు. అంచు చూస్తే, వల మునగడానికి కట్టే సీసం గుండ్లు చాలామటుకు లేవు. అటక మీద ఉన్నప్పుడే ఎలకలు తాడు కొరికి ఉంటాయి, గుండ్లు ఎక్కడో రాలిపోయి ఉంటాయన్నారు. సీసం తినే ఎలకలు కూడా వచ్చాయా అని నేను వేళాకోళం చేశాను. అక్క లోపల బియ్యం ఏరుకుంటోంది, తలెత్తలేదు.

మర్నాడు పొద్దున్నే కాకినాడ బస్సెక్కాం. ఆస్పత్రిలో జనం. మా వంతు వచ్చి నర్సు పిలిచింది. బరువు చూసే మిషను ఇనప పలక మీద అక్క ఎక్కింది. ఎక్కుతుంటే చీర కుచ్చిళ్ళ కింద నుంచి టక్కుమని చప్పుడైంది. ఇనుము మీద గుండు తగిలిన చప్పుడు. నర్సు వినలేదు, ముల్లు చూసి కాగితం మీద రాయబోతోంది. నేను విన్నాను. ఎండుటాకులా ఉన్న మనిషికి ఆ ముల్లు అంత దూరం ఎలా పోయిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. అడుగున ఊక నింపిన బస్తాలు ఎన్ని చూశాను నేను.

ఒక్క నిమిషం అండి అని నర్సుకి చెప్పి, అక్కని వరండాలోకి తీసుకొచ్చాను. అరవాలనిపించింది. అరిచే ఓపిక లేకపోయింది.

"బావగారి వల మునగట్లేదంట అక్కా," అన్నాను.

నా మొహం కేసి చూసింది. బుకాయించలేదు. వంగి, లంగా అంచు మడత చేత్తో పట్టుకుని చూపించింది. అంచు చుట్టూతా వరసగా గుండ్లు పెట్టి, పైన సన్నటి కుట్టు వేసుకుంది. వలకి కట్టినంత వాటంగా కుట్టింది. కిందటిసారి కూడా ఇదేనా అని అడిగాను. తలూపింది, అప్పుడు కొన్నే సరిపోయాయంది. మందు బరువుని బట్టి కలుపుతారు, లేని బరువుకి ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది, విషం కదే అది, అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"మరి నన్నేం చెయ్యమంటావురా?" అంది. గొంతు పెంచలేదు. "తింటే అది పెరుగుతుందంటారు. తినకపోతే సూదిమందు ఆపేస్తానంటారు. రెండిట్లో దేంతో చావమంటావో నువ్వే చెప్పు."

 అంతమందిమి నూనెల గురించి మాట్లాడుకున్నాం గానీ, ఆవిడ అడకత్తెరలో పోకచెక్కలా అయిందని ఒక్కరం చూడలేదు. అయినా చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కాలేదు. లోపలికెళ్ళి డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నర్సు కత్తెర తెచ్చి కుట్టు విప్పింది. గుండ్లు ఒక్కోటి స్టీలు పళ్ళెంలో పడుతుంటే వరండాలో జనం తొంగి చూశారు. మళ్ళీ మిషను ఎక్కించారు. డాక్టరమ్మ వచ్చి ముల్లు చూసింది. ఇంజెక్షన్ ఆపేసింది. ఒంట్లోకి కాస్త బలం వచ్చాక రమ్మంది.

అక్కని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడా అలిసిపోయే ఉంది, ఇటువంటివి రోజుకెన్ని చూస్తుందో. పేపరులో రాసింది అబద్ధమేం కాదంది. పళ్ళెంలో కణాలకి కొలిచి పోస్తే ఒక రకం కొవ్వుకి పెరుగుతాయి, ఇంకో రకానికి తగ్గుతాయి, అది నిజమే, కానీ పళ్ళెంలో కణాలకి ఆకలెయ్యదు, వాంతులవ్వవు, ఇంట్లో వండిపెట్టాల్సిన మొగుడుండడు అంది. మనిషిలో అదెలా పనిచేస్తుందో తమకే పూర్తిగా తెలీదంది. తర్వాత అన్న మాట మాత్రం నన్ను పట్టుకుంది.

"మీ అక్కగారు నూనె మానేసి తప్పించుకున్నాననుకుంటున్నారండి. తినకపోతే ఒంట్లో ఉన్న కొవ్వే విరిగి, ఆ ఆసిడ్లే రక్తంలోకి వస్తాయి. గడ్డని పస్తు పెట్టాననుకుని తను పస్తుంటున్నారు."

బస్సులో అక్క నాతో మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒళ్ళో రుమాలులో మూటగట్టిన గుండ్లు. బస్సు కుదిపినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేవి. ఇంటి దగ్గర దిగి, మూట అరుగు మీద వల పక్కన పెట్టి లోపలికి పోయింది. బావగారు మూట విప్పి చూసి, నాకేసి చూశారు. నేను చెప్పాను.  ఆయన గుండ్లు ముందేసుకుని చాలాసేపు అలా కూర్చుండిపోయారు.

మర్నాడు డ్యూటీలో ఓ లారీ వచ్చింది. గొట్టం గుచ్చానో లేదో వాసన గుప్పుమంది. వానలకి దారిలో ఆగిపోయి, బస్తాల్లోనే ముక్కిపోయిన తవుడు. ఆసిడ్ చూడక్కర్లేకుండానే తెలుస్తోంది. కుప్పె ఊపుతూ మందు వదులుతున్నాను, వదులుతున్నాను, రంగు తిరగదే! అప్పుడు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. విరిగి, ఆ ఆసిడ్లే వస్తాయి. అదే సంగతి కదా ఇది, నేను రోజూ చూసేదే కదా అనిపించింది. ఆ తవుడు గుప్పెడు, అప్పుడే మిల్లు నుంచి వచ్చిన తవుడు గుప్పెడు రెండు పొట్లాలు కట్టుకుని, సాయంత్రం బస్సెక్కాను.

అక్క ఇంకా అలకలోనే ఉంది. పొట్లాలు రెండూ చేతిలో పెట్టి వాసన చూడమన్నాను. చూడకేం చేస్తుంది, గేదెల్ని సాకిన మనిషి. పాతది ముక్కు దగ్గర పెట్టుకోగానే మొహం చిట్లించింది.

"దీన్ని గేదె కూడా ముట్టదు. ఎందుకు తెచ్చావిది?" అంది.

దీంట్లో ఆసిడ్ ఎవరు పోశారని అడిగాను. ఎవరూ పొయ్యలేదు, బయటి నూనె బొట్టు కూడా పడలేదు దీంట్లో, ఓ మూల పడేసి ఊరుకుంటే తనలో ఉన్న నూనెని తనే విరగ్గొట్టుకుంది, అన్నాను. నువ్వూ అలాగే పడేసుకున్నావు నిన్ను, అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. నువ్వు నూనె మానేసినంతలో ఆసిడ్ ఆగదు, నీ ఒంట్లో కొవ్వే విరుగుతుంది, ఆసిడ్ అంటే నీకంత భయమైతే ఇప్పుడే నీ ఒంట్లో ఎక్కువుంది, అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. చిన్నప్పుడు నాకు ముద్ద పెట్టడానికి వీధంతా తిప్పావని, ఇప్పుడు నాకు నిన్ను తిప్పే ఓపిక లేదని కూడా అన్నాను. అదంతా వింటూ అక్క ఆ ముక్కిన తవుడు వేళ్ళతో నలుపుతూ ఉంది.

చీకటి పడుతుండగా లేచి చెయ్యి కడుక్కుంది. కంచంలో అన్నం పెట్టుకుని, జాడీ దింపి, ఆవకాయ కడక్కుండా వేసుకుంది. గరిటెతో పైన నూనె కూడా తీసి పోసుకుంది. ఎర్రగా కలిపి ముద్ద చేసి, చేతిలో పట్టుకుని ఆగింది.

"ఒరే తమ్ముడూ, ఈ ముద్ద తినేది నేనా, అదా?"

 నువ్వే అక్కా అన్నాను. నా మాట నమ్మిందని అనుకోను. తింది మాత్రం. బావగారు గుమ్మం పక్కన దీపం కింద కూర్చుని, వల ఒళ్ళో వేసుకుని ఒక్కో గుండూ తిరిగి కట్టుకుంటున్నారు. ఆవిడ రెండో ముద్ద కలిపినప్పుడు ఆయన చేతులు ఆగాయి.

తర్వాత రోజుల్లో అద్భుతాలేమీ జరగలేదు. తిన్నది సగం వాంతయ్యేది. మళ్ళీ తినేది. వల మళ్ళీ మునిగింది, చేపలు వచ్చాయి, ఈసారి అక్క కూడా కంచంలో వేసుకుంది. లెక్చరరుగారు ఇంకేదో పేపరు తెస్తే బావగారు తీసుకుని మడిచి, తను కూర్చునే చాప కింద పెట్టేసుకున్నారు. అక్క ఆ తర్వాత చాలా ఏళ్ళే ఉంది. ఇంజెక్షన్ల వల్లో, తిండి వల్లో, తలరాత వల్లో నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళతో వాదించే ఓపిక కూడా నాకిప్పుడు లేదు.

ఆపేసిన ఇంజెక్షన్ కోసం మళ్ళీ కాకినాడ వెళ్ళినప్పుడు తోడు నేనే. అదే మిషను, అదే నర్సు. నర్సుకి మేం గుర్తున్నట్టున్నాం, అక్క కాళ్ళకేసి అనుమానంగా చూసింది. నాకు సిగ్గేసింది. అక్కకి వెయ్యలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, లంగా అంచు రెండు చేతులతో పట్టుకుని, తడిగుడ్డ దులిపినట్టు గట్టిగా దులిపింది. చప్పుడేమీ రాలేదు. అప్పుడు పలక మీదకెక్కి నిలబడింది. ముల్లు ఊగి ఊగి, సీసంతో తూగిన చోటికి ఇంకా చాలా ఇవతలే ఆగింది. డాక్టరమ్మ వచ్చి వంగి చూసి, సరిపోతుంది, మందు కలపండి అంది.

నర్సు అంకె రాసుకుని, ఇక దిగమంది. అక్క దిగలేదు. ఆ ముల్లుని చూస్తూ అంది.

"సరిగ్గా రాసుకోండమ్మా. ఇదంతా నేనే."